అల్పవ్యయ తెరరూపంలో అద్భుత కల్పన: 'ఖ్రనీతెలి' (1991) - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

జె.ఆర్.ఆర్. టోల్కీన్ రచించిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' నవల తొలి సంపుటానికి లెనిన్‌గ్రాద్ టెలివిజన్ 1991లో 'ఖ్రనీతెలి' అనే పేరుతో తెరరూపమిచ్చింది. స్వల్పవ్యయంతో స్టూడియోలో తయారైన ఈ రెండు భాగాల టెలివిజన్ నాటకం 30 ఏళ్ల తరువాత మళ్లీ వెలుగులోకి వచ్చింది. అప్పుడు దానిపై జరిగిన చర్చ ప్రధానంగా దాని సాంకేతిక లోపాల చుట్టూనే తిరిగింది. ఇటువంటి అనుసరణల గుణదోషాలను ఖర్చుతోనో, మూలవిధేయతతోనో కాక, అవి స్వీకరించిన ప్రదర్శన సంప్రదాయంతో కొలవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అద్భుతాన్ని నాటకం భరించలేదన్న టోల్కీన్ వాదాన్ని, భరతుని లోకధర్మి, నాట్యధర్మి భావనలను ఇందుకు ఆధారంగా తీసుకొంటుంది.

కీలకపదాలు: అనుసరణ, అద్భుత కల్పన, టోల్కీన్, ఖ్రనీతెలి, నాట్యధర్మి, టెలివిజన్ నాటకం, మూలవిధేయత.

1. ఉపోద్ఘాతం:

నవల తెరరూపం పొందినప్పుడు పాఠకుడు మొదట వేసే ప్రశ్న 'మూలంలో ఉన్నది తెరమీద ఉందా?' అన్నది. సాంఘిక నవల విషయంలో ఈ ప్రశ్నకు సమాధానం సులభం. ఇల్లు, వీధి, మనుషులు, మాటలు కెమెరాకు అందేవే. అద్భుత కల్పనతో కూడిన నవలలో ఆ ప్రశ్న వెంటనే మరో ప్రశ్నగా మారుతుంది: 'ఉన్నదాన్ని నమ్మించగలిగారా?' నమ్మించడానికి నిర్మాణవ్యయం కావాలన్న భావన నేటి ప్రేక్షకునిలో బలంగా నాటుకొన్నది. దానివల్ల తక్కువ ఖర్చుతో తీసిన అద్భుత చిత్రం విమర్శకు రాకముందే పరిహాసానికి గురవుతున్నది.

అనుసరణ అధ్యయనాలలో మూలవిధేయతను ఏకైక ప్రమాణంగా స్వీకరించే ధోరణిని రాబర్ట్ స్టామ్, లిండా హచియన్ వంటి సిద్ధాంతకర్తలు ప్రశ్నించారు. అనుసరణ నకలు కాదని, మూలంతో జరిపే సంభాషణ అని, పునఃసృష్టి అని వారి వాదనల సారాంశం. అయితే మూలవిధేయతను పక్కనపెట్టినంత మాత్రాన అల్పవ్యయ చిత్రానికి న్యాయం జరగదు. విధేయత ఖాళీ చేసిన స్థానంలోకి 'నిర్మాణ నాణ్యత' అనే మరో ప్రమాణం నిశ్శబ్దంగా వచ్చి కూర్చుంటుంది. ఈ రెండింటికీ భిన్నమైన ప్రమాణం అవసరమని నిరూపించడానికి 'ఖ్రనీతెలి' తగిన ఉదాహరణ.

2. 'ఖ్రనీతెలి' నేపథ్యం:

టోల్కీన్ నవల మూడు సంపుటాలుగా 1954, 1955 సంవత్సరాలలో వెలువడింది. సోవియట్ పాఠకులకు టోల్కీన్ ముందుగా పరిచయమైనది 'ద హాబిట్' ద్వారా. నటాల్యా రఖ్మానొవా చేసిన రష్యన్ అనువాదం 1976లో బాలసాహిత్య ప్రచురణగా వచ్చింది. తరువాత వ్లదీమిర్ మురవ్యోవ్, అంద్రేయ్ కిస్త్యకోవ్‌స్కీల అనువాదంలో పెద్ద నవల తొలి సంపుటం సంక్షిప్తరూపంలో 1982లో వెలువడింది. దాని పేరే 'ఖ్రనీతెలి', అనగా సంరక్షకులు. మిగిలిన సంపుటాల కోసం సాధారణ పాఠకులు ఆ తరువాత చాలా ఏళ్లు వేచి ఉండవలసి వచ్చింది. 1991 నాటి టెలివిజన్ నాటకం ఈ అనువాదం పేరునే స్వీకరించింది.

ఇంతకుముందే, 1985లో, లెనిన్‌గ్రాద్ టెలివిజన్ 'ద హాబిట్' నవలను కూడా ఒక నాటకంగా ప్రసారం చేసింది. అందులో ప్రసిద్ధ నటుడు జినోవి గెర్ద్త్ ఒక ఆచార్యుని వేషంలో తెరపై నిలబడి కథ చెబుతాడు. స్మాగ్ అనే మహాసర్పం ఒక తోలుబొమ్మ వంటి కీలుబొమ్మ. కనుక 'ఖ్రనీతెలి' ఆకాశం నుండి ఊడిపడ్డ వింత కాదు. రంగస్థల నటులతో, స్టూడియోలో, పరిమిత సామగ్రితో సాహిత్యాన్ని తెరకెక్కించే సోవియట్ 'టెలివిజన్ నాటక' సంప్రదాయంలో అది ఒక భాగం. ఆ సంప్రదాయంలో పాఠ్యమే ప్రధానం, దృశ్యం దానికి తోడు.

'ఖ్రనీతెలి'కి దర్శకురాలు నటాల్యా సెరెబ్ర్యకోవా. ఫ్రోడోగా వలేరి ద్యాచెంకో, గండాల్ఫ్‌గా విక్టర్ కొస్తేత్స్కీ, బిల్బోగా గియోర్గి ష్తిల్ నటించారు. 'అక్వారియుం' అనే రాక్ సంగీత బృందానికి చెందిన అంద్రేయ్ రొమానొవ్ సంగీతం సమకూర్చి, కథకుని పాత్రను కూడా పోషించాడు. రెండు భాగాలూ కలిపి నిడివి రెండు గంటలకు కొద్దిగా తక్కువ. 1991 ఏప్రిల్‌లో ఇది ప్రసారమైంది. అదే నెల ఆరంభంలో సోవియట్ ప్రభుత్వం నిత్యావసరాల ధరలను భారీగా పెంచింది. ఆ ఏడాది సెప్టెంబరులో లెనిన్‌గ్రాద్ తన పాత పేరైన సెయింట్ పీటర్స్‌బర్గ్‌ను తిరిగి పొందింది. డిసెంబరులో సోవియట్ యూనియన్ అంతరించింది. ఆ సంక్షోభంలో ఈ నాటకం మరుగునపడిపోయింది. లెనిన్‌గ్రాద్ టెలివిజన్‌కు వారసురాలైన సంస్థ 2021 మార్చిలో దీనిని యూట్యూబ్‌లో ఉంచడంతో ప్రపంచానికి తెలిసింది.

అప్పటికి పీటర్ జాక్సన్ చిత్రం (2001) వచ్చి 20 ఏళ్లయింది. సుమారు 9 కోట్ల 30 లక్షల డాలర్ల వ్యయంతో తయారైన ఆ చిత్రానికి అలవాటుపడ్డ కళ్లతో 'ఖ్రనీతెలి'ని చూసినవారు నవ్వుకోవడంలో ఆశ్చర్యం లేదు. కాని ఆ నవ్వు రెండు నిర్మాణాల మధ్య ఉన్న ధనవ్యత్యాసాన్ని మాత్రమే చెబుతుంది. నవలకూ నాటకానికీ మధ్య ఉన్న సంబంధాన్ని చెప్పదు.

3. అద్భుతం, నాటకం - టోల్కీన్ అభ్యంతరం:

ఈ చర్చలో మూలరచయిత స్వయంగా ఒక పక్షం. టోల్కీన్ 1939లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో అద్భుత కథలపై ఇచ్చిన ఉపన్యాసం 1947లో వ్యాసంగా వెలువడింది. అద్భుత కల్పనకు తగిన మాధ్యమం పదమేనని, నాటకం స్వభావరీత్యా దానికి ప్రతికూలమని అందులో ఆయన వాదించాడు. ఆయన వాదంలో మూడు అంశాలు ఇక్కడ ముఖ్యమైనవి.

మొదటిది, నాటకం స్వయంగా ఒక మాయ. వేషం వేసిన మనిషిని మరొకనిగా నమ్మడమే ప్రేక్షకుడు చేసే పెద్ద సాహసం. దానిపై ఇంకొక మాయను పేరిస్తే భారం మోయలేనిదవుతుంది. రెండవది, షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' చదువుతున్నప్పుడు మంత్రగత్తెలు సహించదగినవారే, వేదికపై మాత్రం దాదాపు భరించలేనివారవుతారు. మూడవది, నాటకం మనుషుల గురించి మాట్లాడుతుంది. చెట్టు చెట్టుగా, కొండ కొండగా అందులో ఇమడడం కష్టం.

ఈ అభ్యంతరాన్ని అంగీకరిస్తే 'ఖ్రనీతెలి' పుట్టకముందే ఓడిపోయినట్లు. కాని టోల్కీన్ దృష్టిలో ఉన్నది ప్రధానంగా భ్రాంతిని కల్పించాలనుకొనే రంగస్థలం. రూపం మారినట్లు కళ్లకు కట్టించాలని ప్రయత్నించి విఫలమయ్యే రంగస్థలమే ఆయన ఉదాహరణలలో కనిపిస్తుంది. భ్రాంతిని కోరని రంగస్థలాలూ ఉన్నాయి. వాటి సంగతి ఆయన వాదం పరిధిలోకి రాలేదు.

4. లోకధర్మి, నాట్యధర్మి:

భరతుడు నాట్యశాస్త్రంలో ప్రదర్శన ధర్మాలను రెండుగా విభజించాడు. లోకంలో ఉన్నట్టు చూపడం లోకధర్మి. సంకేతం ద్వారా, అభినయం ద్వారా, ప్రేక్షకుని అంగీకారంతో చూపడం నాట్యధర్మి. పర్వతాలు, వాహనాలు, విమానాలు, ఆయుధాలు వంటివి రూపం ధరించి వేదికపైకి రావడం నాట్యధర్మిగా చెప్పబడింది. పక్కనున్న పాత్రకు వినిపించనట్లు పలికే స్వగతం, కొన్ని అడుగుల నడకతో మరో ప్రదేశం చేరినట్లు గ్రహించే కక్ష్యావిభాగం ఈ కోవలోనివే. అభిజ్ఞాన శాకుంతలం ప్రారంభంలో దుష్యంతుడు రథంపై లేడిని తరుముతాడు. వేదికపై రథమూ ఉండనక్కరలేదు, లేడీ ఉండనక్కరలేదు. వేగం నటుని అభినయంలో, మాటలో ఉంటుంది.

ఈ సంప్రదాయంలో అద్భుతం రెండవ మాయ కాదు. వేషం వేసిన మనిషిని రాజుగా అంగీకరించిన ప్రేక్షకుడు, అదే అంగీకారంతో లేని రథాన్నీ అంగీకరిస్తాడు. రెండింటికీ ఒప్పందం ఒక్కటే. కనుక టోల్కీన్ చెప్పిన భారం లోకధర్మి రంగస్థలానికి వర్తించినంతగా నాట్యధర్మి రంగస్థలానికి వర్తించదు. అల్పవ్యయ చిత్రాన్ని పరిశీలించేటప్పుడు అడగవలసిన ప్రశ్న దీనినుండే పుడుతుంది: అది ప్రేక్షకునితో ఏ ఒప్పందం చేసుకొన్నది? చేసుకొన్న ఒప్పందాన్ని చివరిదాకా నిలుపుకొన్నదా?

'ఖ్రనీతెలి' రెండు ఒప్పందాలు చేసుకొన్నది. దాని బలమూ బలహీనతా అక్కడే ఉన్నాయి.

5. చెప్పడం, చూపడం:

మొదటి ఒప్పందం కథకునితో మొదలవుతుంది. రొమానొవ్ తెరపై కనిపించి కథను నడిపిస్తాడు. 'ఇది జరుగుతున్నది' అని కాక, 'ఇది చెప్పబడుతున్నది' అని ప్రేక్షకునికి స్పష్టమవుతుంది. జాక్సన్ చిత్రానికి అలవాటుపడినవారికి ఇది సినిమా చేతకాక ఎంచుకొన్న మార్గంగా తోచవచ్చు. నవల నిర్మాణాన్ని గమనిస్తే అభిప్రాయం మారుతుంది.

టోల్కీన్ తొలి సంపుటంలోని పెద్ద అద్భుతాలు చాలావరకు ప్రత్యక్షంగా జరగవు. ఎవరో ఒకరు చెప్పగా తెలుస్తాయి. ఉంగరం పూర్వచరిత్ర, గొల్లుమ్ దానిని చేజిక్కించుకొన్న విధం రెండవ అధ్యాయంలో గండాల్ఫ్ ఫ్రోడోకు తన ఇంట్లో కూర్చోబెట్టి చెబుతాడు. సరుమాన్ ద్రోహం, గండాల్ఫ్ బందీ కావడం, గద్ద సాయంతో తప్పించుకోవడం ఎల్‌రోండ్ సభలో గండాల్ఫ్ నోటనే వెల్లడవుతాయి. ఆ సభ ఒక సుదీర్ఘమైన అధ్యాయం. దాదాపు అంతా సంభాషణే. నవల చాలాచోట్ల మౌఖిక కథనం వంటిది. వినేవాడు, చెప్పేవాడు, మధ్య నిప్పు, చుట్టూ చీకటి.

హచియన్ పరిభాషలో చెబితే నవల 'చెప్పే' రీతి, చలనచిత్రం 'చూపే' రీతి. జాక్సన్ చిత్రం గండాల్ఫ్ నోటి మాటను యుద్ధదృశ్యంగా, గోపురంలో జరిగే ద్వంద్వయుద్ధంగా మార్చి చూపింది. చలనచిత్ర ధర్మం రీత్యా అది సమర్థనీయమే. 'ఖ్రనీతెలి'కి ఆ స్తోమత లేదు. లేనందువల్లనే అది చెప్పే రీతికి ఎక్కువ చోటిచ్చింది. ఇందులో మాట ముందు నడుస్తుంది, చిత్రం వెనుక వస్తుంది. పరిమితి బలవంతాన ఎంచుకొన్న ఈ పద్ధతి మూలకథన స్వభావానికి దగ్గరగా వచ్చింది. అన్ని సంఘటనలనూ ఉంచడం మాత్రమే విధేయత అనుకొనే దృష్టికి ఈ సామీప్యం కనిపించదు.

6. ఉంగరం, ముఖం:

నవలలోని కేంద్రవస్తువు ఒక చిన్న ఉంగరం. దానిపై రాళ్లు లేవు, అలంకరణ లేదు. దాని శక్తి పేలుళ్లలో కాక, మనిషి మనస్సులో వ్యక్తమవుతుంది. ఫ్రోడో ఉంగరాన్ని ఇవ్వజూపినప్పుడు గండాల్ఫ్ భయపడి తిరస్కరించడం, గలాద్రియేల్ ప్రలోభానికి లోనై తేరుకోవడం, బోరొమిర్ మొదట బతిమాలి, తరువాత బలాత్కారానికి దిగి, చివరకు కుప్పకూలడం తొలి సంపుటంలోని అసలైన సంఘర్షణలు. వీటిలో ఏ ఒక్కదానికీ ఖర్చు అక్కరలేదు. నటుని ముఖం, కంఠం, మౌనం చాలు.

టెలివిజన్ తెర చిన్నది. కొండలకు అది చాలదు, ముఖానికి సరిపోతుంది. రంగస్థల శిక్షణ పొందిన నటులు స్టూడియోలో కెమెరాకు దగ్గరగా నిలిచినప్పుడు ఈ ఘట్టాలు కేవలం మాటల బలంతో నిలబడతాయి. కొస్తేత్స్కీ గండాల్ఫ్ మాంత్రికుని కన్నా ఉపాధ్యాయునిగా ఎక్కువ కనిపిస్తాడు. అతని ఉద్విగ్నత ఫ్రోడోకు, అతని ద్వారా ప్రేక్షకునికి సోకుతుంది. టోల్కీన్ వాదంలోని ఒక మాటను ఇక్కడ తిరగేయవచ్చు. నాటకం మనుషుల గురించి మాట్లాడుతుందన్నది పరిమితి అయితే, మనుషుల ప్రలోభం గురించిన ఈ నవలకు ఆ పరిమితి కొంతవరకు వరం.

7. బొంబడిల్ - వ్యయం లేనిచోట నిలిచిన పాత్ర:

టామ్ బొంబడిల్ ఘట్టం ఈ చర్చలో ప్రత్యేకంగా గమనింపదగినది. పాత అడవిలో హాబిట్లను కాపాడి ఆతిథ్యమిచ్చే ఈ పాత్రపై ఉంగరం ప్రభావం ఉండదు. అతడు దానిని ధరించినా అదృశ్యం కాడు. ఫ్రోడో ధరించి అదృశ్యుడైనా అతనికి కనిపిస్తాడు. ఉంగరం సర్వశక్తిమంతమన్న భావనకు నవలలోనే ఒక చిన్న గండి ఇది. రాల్ఫ్ బక్షి యానిమేషన్ చిత్రం (1978), జాక్సన్ చిత్రం రెండూ ఈ పాత్రను వదిలివేశాయి. కథాగమనానికి అవసరం లేదన్నది సాధారణంగా వినిపించే కారణం.

'ఖ్రనీతెలి' అతనినీ, అతని భార్య గోల్డ్‌బెర్రీనీ ఉంచింది. రెండు గంటలలోపు నిడివిలో మోరియా గనుల వంటి భారీ ఘట్టాలను బాగా కుదించిన నాటకం, 'అనవసర'మైన ఈ ఘట్టానికి చోటివ్వడం ఆలోచింపజేస్తుంది. పెట్టుబడి పెద్దదైన చిత్రంలో ప్రతి దృశ్యమూ కథను ముందుకు నెట్టాలి. నెట్టనిది తొలగిపోతుంది. ఆ ఒత్తిడి లేని చోట పాటపాడుతూ తిరిగే ఒక నిరుపయోగి బతికి బట్టకట్టగలడు. పేదరికం నవలకు చేసిన మేలు ఇది. ఉంగరం లొంగదీయలేని ఒకడు ప్రపంచంలో ఉన్నాడన్న సంగతి తెలియకుండా ఫ్రోడో ప్రయాణాన్ని చూడటం, ఆ నవల వేసిన ప్రశ్నలో సగాన్ని మాత్రమే వినడం.

8. ఒప్పందం చెడిన చోటు:

పై వాదం 'ఖ్రనీతెలి'ని లోపరహితమని చెప్పడానికి కాదు. దాని రెండవ ఒప్పందం క్రోమా కీ. నటులను ఒకచోట చిత్రించి, వేరే నేపథ్యంపై అతికించే ఈ సాంకేతికతను నాటకం విస్తారంగా వాడుకొన్నది. మనుషుల అంచులు నేపథ్యం నుండి విడిపోయి మెరుస్తాయి. పాదాలు నేలపై ఆనినట్లు ఉండవు. ముఖంపై పడే వెలుగూ వెనుకనున్న వెలుగూ పొసగవు. పాత్రల మధ్య పరిమాణభేదం చూపడానికి చేసిన ప్రయత్నాలు కూడా ఈ కారణంగానే తేలిపోతాయి.

ఇక్కడ గమనింపవలసినది లోపం స్వభావం. క్రోమా కీ లోకధర్మి సాధనం. 'వీరు నిజంగా అడవిలో ఉన్నారు' అని అది వాగ్దానం చేస్తుంది. వాగ్దానం నెరవేరనప్పుడు ప్రేక్షకుడు నవ్వుతాడు. కథకుడు 'వారు అడవిలో ప్రవేశించారు' అని చెప్పి, నటులు శూన్యమైన వేదికపై నడిచి ఉంటే ఎవరూ నవ్వరు. ఎందుకంటే అక్కడ విరిగే వాగ్దానం లేదు. 1985 నాటి 'హాబిట్'లో కీలుబొమ్మ సర్పం తాను కీలుబొమ్మనన్న విషయాన్ని దాచదు. అందుకే అది ఇబ్బంది పెట్టదు. ఈ నాటకాన్ని పరిహాసాస్పదం చేసినది పేదరికం కాదు, పేదరికాన్ని కప్పిపుచ్చే ప్రయత్నం.

మరొక నష్టం ఇంతకన్నా లోతైనది. టోల్కీన్ నవల నడక మీద నడుస్తుంది. రోజులు, మైళ్లు, వాతావరణం, అలసట, చెట్ల పేర్లు, కొండల వరుస కథలో భాగం. దూరం అనుభవంలోకి వస్తేనే ఫ్రోడో మోస్తున్న భారం అనుభవంలోకి వస్తుంది. స్టూడియోలో ఒక తెర పోయి మరొక తెర వస్తుంది. హాబిట్ల గ్రామానికీ ఎల్‌రోండ్ నివాసానికీ మధ్య దూరం కరిగిపోతుంది. చెట్టు చెట్టుగా నాటకంలో ఇమడదన్న టోల్కీన్ అభ్యంతరం ఈ ఒక్క అంశంలో పూర్తిగా నిలుస్తుంది. నాట్యధర్మి దూరాన్ని సూచించగలదు. దూరం కలిగించే అలసటను రెండు గంటలలో నింపడం దానికీ కష్టమే. ఇందులో నిర్మాతల వైఫల్యం కన్నా మాధ్యమం హద్దు ఎక్కువగా కనిపిస్తుంది.

9. ముగింపు:

'ఖ్రనీతెలి' నుండి మూడు నిర్ధారణలకు రావచ్చు. ఒకటి, అద్భుతాన్ని నాటకం భరించలేదన్న టోల్కీన్ వాదం భ్రాంతిపై ఆధారపడే ప్రదర్శనకు సరిపోతుంది. కథకుడిని, సంకేతాన్ని, నటుని ముఖాన్ని నమ్ముకొన్న ప్రదర్శనకు అది యథాతథంగా వర్తించదు. రెండు, అల్పవ్యయ అనుసరణ తన వనరులకు తగిన సంప్రదాయాన్ని ఎంచుకొన్న చోట మూలానికి చేరువైంది, తనది కాని సంప్రదాయాన్ని అనుకరించిన చోట దూరమైంది. మూడు, పెద్ద పెట్టుబడి చిత్రాలు తీసివేసిన అంశాలను ఇటువంటి చిన్న నిర్మాణాలు భద్రపరుస్తాయి. జాక్సన్ దృశ్యాలు పాఠకుల ఊహలో స్థిరపడకముందు ఆ నవలను ఒక దేశం ఎలా చదువుకొన్నదో తెలిపే సాక్ష్యంగా కూడా 'ఖ్రనీతెలి'కి విలువ ఉంది.

నవలల తెరరూపాలపై తెలుగులో జరుగుతున్న పరిశోధనకు దీని నుండి ఒక సూచన అందుతుంది. మూలంలో ఉన్నవి, చిత్రంలో విడిచినవి, కొత్తగా చేర్చినవి అంటూ మార్పుల పట్టికను తయారుచేయడం అవసరమే, కాని అది పరిశీలనకు ఆరంభం మాత్రమే. ఒక దృశ్యం ఎందుకు నిలిచింది, మరొకటి ఎందుకు తేలిపోయింది అన్న ప్రశ్నకు ఆ పట్టిక సమాధానమివ్వదు. చిత్రం ప్రేక్షకునితో చేసుకొన్న ఒప్పందాన్ని గుర్తించినప్పుడే ఆ సమాధానం దొరుకుతుంది. ఆ ఒప్పందాన్ని పేర్కొనడానికి కావలసిన పరిభాష లోకధర్మి, నాట్యధర్మి రూపంలో భారతీయ నాట్యశాస్త్రంలో సిద్ధంగా ఉంది. దానిని ప్రాచీన రూపకాలకే పరిమితం చేయక, తెరపై వచ్చిన రచనలకూ అన్వయించవలసి ఉంది.